తలకట్టు మీద కుంచె విసురు

ఒక లిపిలోని అక్షరాలన్నింటికీ ఒకే పోలికతో, ఒకే కొలతతో రూపం దిద్ది, వాటిని కాగితం మీదా కంప్యూటరు తెర మీదా ఎన్నిసార్లయినా తిరిగి వాడుకొనే వీలుతో కూర్చిన సంపుటిని ఫాంట్ అంటారు. ఫాంట్లలో ప్రధానంగా రెండు తెగలున్నాయి. పేజీల తరబడి సాగే చదువు కోసం చేసినది మొదటిది; పాఠకుడి దృష్టి తన మీద కాక విషయం మీద నిలిచేలా అది ఒదిగి ఉండాలి. శీర్షికలకు, గోడపత్రికలకు, శుభలేఖలకు, దుకాణాల బోర్డులకు ఉద్దేశించినది రెండవది. డిస్‌ప్లే ఫాంట్ అని పిలిచే ఈ తెగ అక్షరం దారిన పోయేవారి చూపును దూరం నుంచే పట్టి నిలపాలి. ఈ రెండవ తెగలో, కుంచెను రంగులో ముంచి ఉల్లాసంగా, చెయ్యి ఆపకుండా రాసినట్టు కనిపించే తెలుగు ఫాంట్ ఒకటి ఉంది. దాని పేరు లక్కిరెడ్డి. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో దీని తెలుగు అక్షరాలను రూపొందించగా, అప్పాజీ అంబరీష దర్భా ఆ పనికి సారథ్యం వహించారు. సిలికానాంధ్ర సంస్థ దానిని ఎవరైనా ఉచితంగా వాడుకొనేలా విడుదల చేసింది.

కుంచె వాటం, కలిపిరాత అనే ఈ రెండు గుణాలూ ఇంగ్లీషు అక్షరాల నుంచి తెలుగుకు అరువు వచ్చిన అలంకారాలని చాలామంది అనుకుంటారు. తెలుగు అక్షరం నడిచి వచ్చిన దారిని చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఆ దారిలోని మజిలీలు కొన్ని విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకూ సముద్రపు అంచున సాగే రోడ్డు పొడవునా ఉన్నాయి.

ఆ రోడ్డుకు ఎగువన ఉన్న తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలలో బ్రాహ్మీ లిపిలో చెక్కిన రాతలు దొరికాయి. తెలుగు లిపికి మూలమైన ఆ బ్రాహ్మీ అక్షరాలు ఉలి పనికి తగినట్టు నిలువు గీతలతో, అడ్డు గీతలతో, కోణాలతో నిటారుగా నిలబడి ఉంటాయి. నేటి తెలుగు అక్షరంలో ఆ నిటారుతనం మచ్చుకైనా కనిపించదు. రాత రాతిని విడిచి తాటాకును ఆశ్రయించడమే ఈ మార్పుకు కారణమని లిపి చరిత్రకారులు చెబుతారు. తాటాకు మీద ఇనుప గంటంతో పీచు వెంబడి సూటిగా గీస్తే ఆకు చీలిపోతుంది కాబట్టి, రాయసకాడు గీతను వంచక తప్పలేదు. వంపు సున్న అయింది, సున్నలు ఒకదానిలోకి ఒకటి ఒరిగి అక్షరాలయ్యాయి. అయితే గంటానికి ఒక పరిమితి ఉంది. ఎంత అదిమి రాసినా గీత లోతు పెరుగుతుందే గాని వెడల్పు పెరగదు. అందుకే తాటాకు మీది తెలుగు అంతా ఒకే మందం గల సన్నని తీగలా సాగిపోతుంది. మసి రుద్దితే గాని కంటికి ఆనదు.

రెండవ మజిలీ కాగితం, కలం. తీగలా సాగే ఈ అక్షరాన్ని వేగంగా రాయవలసిన అవసరం కరణాలకు, గుమాస్తాలకు, దస్తావేజులు రాసేవారికి ఏర్పడినప్పుడు గొలుసుకట్టు రాత పుట్టింది. కలం ఎత్తకుండా ఒక అక్షరం చివరను తరువాతి అక్షరం మొదటికి తగిలించి, గొలుసులోని లంకెల్లా కలుపుకుంటూ పోవడం దాని లక్షణం. తెలుగు హల్లులలో చాలావాటికి నెత్తి మీద చిన్న టిక్కులాంటి గీత ఉంటుంది. దానిని తలకట్టు అంటారు. పలక మీద బడిపిల్లవాడు దానిని విడిగా, శ్రద్ధగా పెడతాడు. గొలుసుకట్టులో దానికి అంత తీరిక దొరకదు. అక్షరం ఒంటి నుంచి ఎగసిన గీతే తలకట్టుగా మెరిసి, అదే ఊపులో పక్క అక్షరంలోకి జారుతుంది. పాత దస్తావేజులను చదవడానికి నేటివారు పడే కష్టమంతా ఈ జారుడులోనే ఉంది. ఇంగ్లీషులో కర్సివ్ అని పిలిచే కలిపిరాతకు తెలుగులో సొంత పేరూ, సొంత పద్ధతీ, తరాల అలవాటూ ఉన్నాయన్న సంగతిని ఫాంట్ల గురించి మాట్లాడేవారు మరవకూడదు.

ఇక కుంచె. గంటానికీ కుంచెకూ ఉన్న తేడా ఒక్క మాటలో చెప్పాలంటే ఒత్తిడిది. గంటాన్ని అదిమితే గీత లోతెక్కుతుంది, కుంచెను అదిమితే గీత లావెక్కుతుంది. కుంచె ఆనినచోట రంగు నిండుగా దిగి, మలుపులో చెయ్యి తేలికైన కొద్దీ సన్నబడి, ఎత్తేచోట తోకలా మొనదేరి ముగుస్తుంది. చెయ్యి వేగం తగ్గినచోటు, పెరిగినచోటు, కాస్త ఆగినచోటు అన్నీ గీత మందంలో నమోదవుతాయి. అందువల్లనే కుంచె రాతను చూసేవారికి అక్షరం రూపంతో పాటు దానిని రాసిన కదలిక కూడా కనిపిస్తుంది. తలకట్టు ఇందుకు చక్కని ఉదాహరణ. గంటంతో గీసిన తలకట్టు కేవలం గుర్తు. కుంచెతో వేసినప్పుడు అది ఒక విసురు: ఆనించి, అదిమి, ఎత్తిన మూడు క్షణాల చేష్ట. మునిగాళ్ల మీద నిలబడిన నాట్యకత్తె చెయ్యి విసిరినట్టు, ఆ ఒక్క గీతతోనే అక్షరానికి జీవం వస్తుంది. సున్నలతో నిండిన తెలుగు అక్షరానికి కుంచె ఇంత చక్కగా అమరడం యాదృచ్ఛికం కాదు. తాటాకు నేర్పిన వంపు అప్పటికే ఉంది. దానికి లావుసన్నాల వరుసను మాత్రం కుంచె జోడించింది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ జోడింపు జరిగిన చోటు పండితుల బల్ల కాదు, వీధి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట వెలసి, పదిహేడవ శతాబ్దం నుంచి డచ్చి వర్తకుల స్థావరంగా ఉండి, 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చి, 1861లోనే మునిసిపాలిటీ అయిన భీమునిపట్నం వంటి పాత రేవు పట్నంలో రాత ఎన్నో రూపాలలో బహిరంగంగా నిలిచి ఉంటుంది. డచ్చివారి సమాధుల మీద రాతిలో తీర్చిన రోమన్ అక్షరాలు ఒక రూపం. కొండ మీది గుడి గోడ, దుకాణం బోర్డు, బస్సు నెత్తి, ఒడ్డుకు లాగిన పడవ పక్క మరికొన్ని రూపాలు. వీటిలో పడవ మీది రాత ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పడవ ఒళ్లు బల్లపరుపుగా ఉండదు కాబట్టి, దాని వంపుతో పాటు అక్షరాల వరుస కూడా వంగాలి. ఉప్పుగాలికీ, ఎండకూ, ఇసుక ఒరిపిడికీ పెచ్చులూడే రంగు మీద ఏడాదికో రెండేళ్లకో పడవ పేరును మళ్లీ దిద్దాలి. కెరటం మీద ఊగుతున్నా ఒడ్డు నుంచి పోల్చుకోవడానికి వీలుగా ఆ పేరు లావుగా, నిండుగా ఉండాలి. డిస్‌ప్లే అక్షరానికి ఉండవలసిన లక్షణాలన్నీ ఈ మూడు అవసరాలలోనే ఇమిడి ఉన్నాయి.

గోడ రాతలది మరో పాఠం. 1966లో ఉక్కు కర్మాగారం కోసం సాగిన ఉద్యమంలో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం ఊరూరా నోళ్లలో నానింది, గోడలకెక్కింది. అటువంటి రాతకు వ్యవధి తక్కువ, గోడ గరుకు, కుంచె మొద్దు. ఆ నినాదంలోని రెండు ‘క్కు’లు, అంటే కకారానికి కకారమే ఒత్తుగా వచ్చి కొమ్ము తగిలిన అక్షరాలు, వరుస చివర జంటగా కిందికి దిగి రెండు లంగరుల్లా కనిపిస్తాయి. మాట ప్రాసలో కలిసినట్టే రాత కూడా ప్రాసలో కలుస్తుంది. ఇటువంటి అవకాశాన్ని చప్పున పసిగట్టడం కుంచె పట్టినవారి నేర్పు.

ఈ వీధి నేర్పును సినిమా, పత్రిక కలిసి తెలుగువారందరికీ పరిచయం చేశాయి. 1933లో నరసాపురంలో పుట్టిన బాపు, అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ, బొమ్మలతో సమానంగా తన చేతిరాతకు కూడా పేరు సంపాదించారు. ఆయన రాత ఎంత ఇంటింటికీ చేరిందంటే, దానిని అనుసరించి చేసిన ఫాంట్లు కంప్యూటరులోకి వచ్చి, బాపు ఎవరో తెలియని పిల్లల పెళ్లి శుభలేఖలలో కూడా ఈనాడు కనిపిస్తున్నాయి. 1967లో బాపు తీసిన ‘సాక్షి’ సినిమాతోనే ప్రచార కళలో అడుగుపెట్టిన ఈశ్వర్ ఎన్నో తెలుగు సినిమాల పేర్లను, పోస్టర్లను చేత్తో దిద్దారు. ఆ అనుభవాన్ని ‘సినిమా పోస్టర్’ అన్న పుస్తకంగా రాశారు. సినిమా పేరును రాసే చిత్రకారుడికి ఆ నాలుగైదు అక్షరాలు మాత్రమే కావాలి కాబట్టి, వాటిని ఒకదానికొకటి ఎలా ఒరిగించాలన్నా, ఏ కొమ్మును ఎంత సాగదీయాలన్నా పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. ఫాంట్ చేసేవారికి ఆ స్వేచ్ఛ లేదు. ఏ అక్షరం పక్కన ఏది వస్తుందో తెలియకుండానే, రాబోయే మాటలన్నింటికీ ముందుగా అక్షరాలు గీసిపెట్టాలి.

సీసపు అచ్చు కాలంలో ఈ పని దాదాపు అసాధ్యంగా ఉండేది. విశాఖపట్నానికి ఆ చరిత్రతో దగ్గరి సంబంధమే ఉంది. 1805లో ఇక్కడికి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ ప్రచారకులు జార్జి క్రాన్, ఆగస్టస్ దే గ్రాంజ్ తెలుగు నేర్చుకొని బైబిలు అనువాదానికి పూనుకున్నారు. దే గ్రాంజ్ 1810లో మరణించిన తరువాత మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చిలో ఆ ముద్రణాలయం అగ్నికి ఆహుతై, ఎన్నో భారతీయ భాషల అచ్చక్షరాలు కరిగిపోయాయి. సీసంలో పోసిన అక్షరం ఒక చదరపు దిమ్మె మీద నిలుస్తుంది. దిమ్మె అంచు దాటి గీత పక్కకు పోవడం కష్టం, కిందికి పోవడం మరీ కష్టం. తెలుగులో ఒత్తులు కిందికి, గుడులు పైకి, కొమ్ములు పక్కకి వ్యాపిస్తాయి. కంపోజిటరు వందల గళ్లున్న పెట్టెలోంచి ముక్క ముక్క ఏరి ఒకటొకటిగా పేర్చవలసి వచ్చేది. అటువంటి పద్ధతిలో గొలుసుకట్టు రాతను గాని, కుంచె విసురును గాని ఇమడ్చడం గురించి ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది? అందుకే పత్రికలలో పాఠ్యం సీసంలో, శీర్షిక చిత్రకారుడి చేతిరాతకు తీసిన బ్లాకులో, అంటే లోహపు రేకు మీదికి ఎక్కించిన ప్రతిరూపంలో, అచ్చయ్యేవి.

రోమన్ లిపికి ఈ ఇబ్బంది తక్కువ కావడంతో అక్కడ కుంచె అచ్చులు ముందే వచ్చాయి. అమెరికాలో రాబర్ట్ స్మిత్ 1942లో బ్రష్ స్క్రిప్ట్ అన్న అచ్చును రూపొందించారు. 1953లో ఫ్రాన్సు దేశపు రేవు పట్నమైన మార్సెయిలో, ఒలీవ్ అన్న అచ్చుపోత సంస్థ కోసం రోజే ఎక్స్‌కోఫోన్ మిస్త్రాల్ అన్న అచ్చును తన సొంత చేతిరాత ఆధారంగా చేశారు. మిస్త్రాల్ అంటే ఆ తీరాన విసురుగా వీచే చలిగాలి. అక్షరాల తోకలు ఒకదానితో ఒకటి తగిలేలా ప్రతి అక్షరమూ ఒకే ఎత్తున మొదలై ఒకే ఎత్తున ముగియడం అందులోని రహస్యం. సీసపు దిమ్మెలతోనే గొలుసుకట్టును సాధించిన ఆ పనితనం ఈనాటికీ అబ్బురమే.

తెలుగుకు ఆ అవకాశం కంప్యూటరు వచ్చాక దక్కింది. దానికి రెండు మెట్లున్నాయి. ప్రపంచ లిపులలోని ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్యను కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. ఆ సంఖ్యలను చదివి, ఏవి ఎక్కడ కలవాలో, ఏవి రూపం మార్చుకోవాలో చెప్పే నియమాలను ఫాంట్ లోపలే పొదిగే ఓపెన్‌టైప్ అన్న పద్ధతి ఆ తరువాత వచ్చింది. భీమునిపట్నం పేరునే తీసుకుంటే సంగతి తేటపడుతుంది. కంటికి అది ‘భీ, ము, ని, ప, ట్నం’ అని ఐదు అక్షరాలు. కంప్యూటరుకు పదకొండు సంఖ్యలు: భకారం, దాని గుడిదీర్ఘం, మకారం, కొమ్ము, నకారం, గుడి, పకారం, టకారం, పొల్లు, మరో నకారం, సున్న. పొల్లు తరువాత నకారం వచ్చిందని గమనించి, ఆ నకారాన్ని ఒత్తుగా మార్చి, టకారం కిందికి చేర్చడం ఫాంట్ బాధ్యత. పైగా తెలుగులో త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు హల్లులను పోలి ఉండవు; వాటిని వేరుగా గీయాలి.

మామూలు ఫాంటులో ఒత్తును ఒకసారి గీసి, ఏ హల్లు కింద ఎక్కడ నిలపాలో కొలతలిస్తే సరిపోతుంది. కుంచె ఫాంటులో అది చాలదు. కుంచె రాతలో గుడి అన్నది హల్లు నెత్తి మీద పెట్టిన టోపీ కాదు, హల్లు చివరి గీతే ఎగసి ముడి తిరిగినట్టు ఉండాలి. ఎక్కడో గీసి తెచ్చి అతికించినట్టు కనబడితే కుంచె భ్రమ ఆ క్షణమే చెదిరిపోతుంది. ముప్పైకి పైగా హల్లులను పన్నెండుకు పైగా స్వరాల గుర్తులతో కలిపితే నాలుగు వందలకు మించిన గుణింతపు రూపాలు వస్తాయి. వాటిలో అతుకు తెలియని కలయికలు కావాలంటే ఎన్నింటినో విడివిడిగా దిద్దాలి. కుంచె మొన ఎక్కడ ఆనిందో, ఎక్కడ లేచిందో ప్రతిదానిలోనూ ఒకే తర్కంతో చూపించాలి. పైకి ఆటలా, అలవోకగా కనిపించే అక్షరం వెనుక ఇంత ఓపిక దాగి ఉంటుంది. పాఠ్యపు ఫాంటు కన్నా కుంచె ఫాంటు తేలికైన పని అనుకోవడం పెద్ద పొరపాటు.

లక్కిరెడ్డి ఫాంట్ విలువ ఈ నేపథ్యంలో అర్థమవుతుంది. 2001లో కాలిఫోర్నియాలోని తెలుగువారు స్థాపించిన సిలికానాంధ్ర పూనికతో వచ్చిన యూనికోడ్ ఫాంట్ల వరుసలో అది ఒకటి. ఆ వరుసలో ధూర్జటి, పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ వంటి ప్రబంధ కవుల పేర్లతో పాటు గురజాడ, గిడుగు అన్నవి కూడా ఉన్నాయి. విజయనగరంలో ‘కన్యాశుల్కం’ రాసిన గురజాడ అప్పారావు, శ్రీకాకుళం సీమలో పుట్టి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి ఇద్దరూ భీమునిపట్నానికి ఇరుగుపొరుగు సీమలవారే. జనం నోటిలోని భాష గ్రంథానికి పనికిరాదన్న వాదాన్ని ఎదిరించినవారే. జనం చేతిలోని రాత అచ్చుకు పనికివస్తుందని చూపిన ఫాంట్ అదే వరుసలో ఉండడం ఎంతో సముచితంగా ఉంది. ఈ ఫాంట్లను సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఇచ్చారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు, పుస్తకాలలో వ్యాపారానికి కూడా ఉపయోగించవచ్చు, కాని ఫాంటును మాత్రమే విడిగా అమ్ముకోకూడదన్నది ఆ ఒప్పందపు సారం. చిన్న పట్నంలో శుభలేఖలు అచ్చు వేసే ప్రెస్సుకు, పంచాయతీ ఉత్సవానికి గోడపత్రిక చేసే కుర్రవాడికి ఇది నిజమైన మేలు. దొంగ ప్రతి వాడవలసిన అగత్యం తప్పింది.

అయితే ఈ అక్షరాన్ని ఎక్కడ వాడకూడదో కూడా తెలియాలి. తెలుగులో కొన్ని అక్షరాల మధ్య తేడా వెంట్రుకవాసి. పకారం తల తెరిచి ఉంటుంది, వకారం తల మూసి ఉంటుంది. లావైన కుంచె గీత ఆ సందును పూడ్చేస్తే ‘పట్నం’ కాస్తా ‘వట్నం’ అవుతుంది. ధకారానికి అడుగున ఉన్న చిన్న గీత కలిసిపోతే అది దకారమే. థకారం లోపలి చుక్క పూడిపోతే అది ధకారమే. పెద్ద పరిమాణంలో ఈ తేడాలు నిలుస్తాయి. పరిమాణం తగ్గేకొద్దీ ఒకటొకటిగా మాయమవుతాయి. కాబట్టి శీర్షికలో ముచ్చటగొలిపే ఈ అక్షరంతో కింద పేరాగ్రాఫులు కూడా నింపడం, మందుల చీటీల మీదా రోడ్డు గుర్తుల మీదా దానినే వాడడం పాఠకుడికి కీడు చేస్తుంది. వరుసకూ వరుసకూ మధ్య చోటు విషయంలో కూడా జాగ్రత్త కావాలి. పై వరుసలోని ఒత్తు తోక, కింది వరుసలోని గుడి ముడి ఒకదానికొకటి తగులుకుంటే రెండింటి అందమూ పోతుంది. ఒకటి నుంచి నాలుగు మాటల వరకు, చుట్టూ ఖాళీ విడిచి, సాదా ఫాంటును పక్కన తోడుగా పెట్టి వాడితే ఈ అక్షరం చక్కగా పలుకుతుంది.

రెండు వేల సంవత్సరం తరువాత ఫ్లెక్సీలు, అంటే ప్లాస్టిక్ గుడ్డ మీద యంత్రంతో రంగులు చల్లి అచ్చు వేసే బ్యానర్లు, ఊరూరా వచ్చి బోర్డులు రాసే చిత్రకారుల జీవనోపాధిని దెబ్బ తీశాయి. ఆ ఫ్లెక్సీల మీదనే ఇప్పుడు కుంచె ఫాంట్లు కనిపించడం బాధ కలిగించే సంగతి. కుంచెను నడిపిన చేతులకు పని పోయింది, వాటి వాటం మాత్రం యంత్రంలో మిగిలింది. ఢిల్లీకి చెందిన హనీఫ్ కురేషీ హ్యాండ్ పెయింటెడ్ టైప్ అన్న పేరుతో ఉత్తరాది వీధి చిత్రకారుల అక్షరాలను సేకరించి, వారి పేర్లతోనే ఫాంట్లుగా మలచిన పద్ధతి ఈ విషయంలో అనుసరించదగినది. ఉత్తరాంధ్ర రేవులలో మరబోట్ల మీద, తెప్పల మీద పేర్లు రాసేవారి అక్షరాలకు ఆ గౌరవం ఇంకా దక్కవలసి ఉంది. ఫొటో తీసి, కొలిచి, రాసినవారి పేరు నమోదు చేసే పనికి పెద్ద ధనం అక్కరలేదు. ఉప్పుగాలి మాత్రం ఆగదు.

చేతిరాతకూ ఫాంటుకూ మధ్య మిగిలిపోయిన దూరం భీమునిపట్నపు ముద్దుపేరులో తేటగా కనిపిస్తుంది. ‘భీమిలి’ అన్న మూడు అక్షరాలకూ నెత్తి మీద గుడులే; అడుగున ఒత్తు ఒక్కటి కూడా లేదు. పేరంతా వరుసగా మూడు అలలు లేచినట్టు ఉంటుంది. ఫాంటులో టైపు చేస్తే ‘మి’ మీది గుడి, ‘లి’ మీది గుడి అచ్చం ఒకే పోలికలో దిగుతాయి. పడవ మీద అదే పేరు రాసే చిత్రకారుడు అలా రాయడు. దీర్ఘాన్ని పొడుగ్గా విసిరి, నడిమి గుడిని చిన్నది చేసి, చివరి దానిని పడవ ముక్కు దాకా సాగదీస్తాడు. ఒకే గుర్తుకు రెండు మూడు ప్రత్యామ్నాయ రూపాలు ఉంచి, మాటలో దాని చోటును బట్టి ఒకదాన్ని ఎంచుకునే సౌకర్యం ఓపెన్‌టైప్‌లో ఇప్పటికే ఉంది. తెలుగు కుంచె ఫాంట్లు చేసేవారు తరువాత దిద్దవలసిన రూపాలు ఆ మాట చివరి గుడులే.